గొంగడి కింద నీళ్ల పరీక్ష

మా నకిరేకల్‌లో ఎవరైనా "యాదగిరీ, ఈ మధ్య కనబడ్తలేవు?" అని అడిగితే, "నీళ్లకు లైటు కొట్టి చూసే పని మీద పాలమూరు పోయొచ్చాను" అంటున్నాను. అడిగినవాడు పొద్దున్నే మొదలుపెట్టాడేమో అన్నట్టు నా ముఖం చూసి పక్కకు తప్పుకుంటున్నాడు. అందరికీ నోటితో చెప్పి నమ్మించడం నావల్ల కాదు గనుక రాసి పెడుతున్నాను. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. ఎక్కడైనా ఒత్తు జారిపడితే చదివేవాళ్లే ఎత్తి పెట్టుకోవాలి.

నాకొక జీపు ఉంది. పెళ్లిళ్లకు, దవాఖానలకు, జాతరలకు కిరాయికి తిప్పుతాను. ఈసారి కిరాయికి వచ్చింది నీరజ మేడం. మేడం అంటే పెద్ద వయసు అనుకునేరు, మా చెల్లెలి బిడ్డంత ఉంటుంది. తెనాలి వైపు ఊరు, హైదరాబాదులో ఉండి రసాయనాల మీద పరిశోధన. వెంట ఒక పెట్టె. అందులో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, వేలెడు పొడుగు కాగితం పట్టీలు, ఊదా రంగు వెలుగునిచ్చే ఒక టార్చి. రాళ్ల క్వారీలున్న ఊళ్లకు పోయి, అక్కడి నీళ్లలో ఈ పట్టీలు ముంచి, చీకట్లో ఆ టార్చి కొట్టి చూడాలట. ఆమె సొంతంగా తయారు చేసిన పట్టీలు. గదిలో బాగానే పనిచేశాయి, ఊళ్లలో ఎలా చేస్తాయో చూడాలని ఈ ప్రయాణం.

"నీళ్లల్ల ఏం దొరుకుతయ్ మేడం?" అన్నాను.

"కొన్ని లోహాలు, పేలుడు మందు ఆనవాళ్లు. అవి కంటికి కనబడవండీ."

"మా నల్లగొండోళ్లకు నీళ్లల్ల కనబడనిది ఉంటదని మీరు జెప్పాల్నా?" అన్నాను. మా దిక్కు ఫ్లోరైడు నీళ్లకు పళ్లు పచ్చబడినవాళ్లు, నడుము వంగినవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. మేడం నవ్వలేదు. "నా పట్టీలు ఫ్లోరైడును పట్టలేవు యాదగిరి గారూ. రెండే రెండు పనులు వచ్చు వాటికి" అంది. తనకు రానిది రాదని ముందే చెప్పే చదువుకున్నవాళ్లు నాకు తక్కువ తగిలారు. అక్కడే ఆమె మీద గురి కుదిరింది.

మేళ్లచెరువు

మేళ్లచెరువు దగ్గరికి వస్తుంటే చెట్ల ఆకులు పౌడరు రాసుకుని పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉంటాయి. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు. మా ఊళ్లో అతిథి వస్తే మంచినీళ్లిస్తారు. ఇక్కడ ముందు కుర్చీ తుడుస్తారు. రెండూ మర్యాదే.

రోడ్డు పక్క వెంకన్న హోటల్లో చాయ్ పది రూపాయలు, పక్కనే మిరపకాయ బజ్జీ. బజ్జీ ఎంత కారంగా ఉందంటే, మేడం కళ్లలో నీళ్లు చూసి వెంకన్న "ఎవలన్న సచ్చిపోయిన్రా బిడ్డా?" అని పరామర్శించాడు. మేము తాగుతుండగా దూరంగా సైరన్ మోగింది. హోటల్లో ఉన్న పదిమందీ మాటలు ఆపకుండానే ఎవరి గ్లాసు వాళ్లు బల్ల మీంచి ఎత్తి పట్టుకున్నారు. నాకు అర్థమయ్యేలోపే భూమి లోపల ఒక దెబ్బ పడింది, నా గ్లాసులో చాయ్ నా ప్యాంటు మీదికి వచ్చింది. క్వారీలో పేల్చారు. పదిమందీ గ్లాసులు మళ్లీ దించారు.

"కొత్తోళ్లను గిట్లనే గుర్తువడ్తం" అన్నాడు వెంకన్న, నా ప్యాంటు చూస్తూ.

టార్చి కొట్టి చూడాలంటే చీకటి కావాలి. వెంకన్న బియ్యం బస్తాలు పెట్టుకునే గది ఇచ్చి, తలుపు వేసి, తానూ లోపలే ఉండిపోయాడు. మేడం టార్చి వెలిగించగానే "అరె, గిది దొంగ నోట్లు వట్టే లైటు!" అని జేబులోంచి నోట్లు తీసి ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టాడు. అన్నీ మంచివే అని తేలాక నా వైపు తిరిగి అరిచాడు.

"యాదన్నా! నీ అంగీ జూసుకో!"

నా తెల్ల అంగీ నీలం వెలుగుతో మెరుస్తోంది. "నీళ్లు దేనికి మేడం, పేలుడు మందంత ఈయన అంగీలనే ఉన్నది!"

"అది బట్టల సబ్బు పొడండీ" అంది మేడం. "బట్ట తెల్లగా కనబడాలని అందులో వెలుగు పదార్థం కలుపుతారు. ఈ లైటు కింద వెలిగేవి చాలా ఉంటాయి."

తరువాత పట్టీల సంగతి చెప్పింది. ఒక రకం పట్టీ మామూలుగా చీకటిగా ఉంటుంది. నీళ్లలో ఫలానా లోహం ఉంటే అది పోయి పట్టీలోని రసాయనానికి తాళంలో చెవిలా అతుక్కుంటుంది, అప్పుడు పట్టీ వెలుగుతుంది. రెండో రకం పట్టీ దాని తోడికోడలు. మామూలుగానే వెలుగుతూ ఉంటుంది. పేలుడు మందు జాతి రసాయనం తగిలితే అది పట్టీ వెలుగును లాగేసుకుంటుంది, పట్టీ నల్లబడుతుంది.

"అంటే" అన్నాను, "ఒకటేమో చుట్టం రాంగనె లైటేసే ఇల్లు. రెండోది కరెంటు మీటరోడు రాంగనె లైటార్పే ఇల్లు."

"మా గైడు గారు ఇదే చెప్పడానికి గంట తీసుకున్నారు" అంది మేడం. ఆ ముక్కను వారం రోజులు మా ఇంట్లో చెప్పుకున్నాను. మా ఆవిడ ఇప్పుడు ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి పోతోంది.

మేళ్లచెరువులో తీసుకున్న నీళ్లలో చుట్టమూ రాలేదు, మీటరోడూ రాలేదు. వెంకన్న మాత్రం తన హోటలు నీళ్లు పరీక్షలో నెగ్గాయని గిరాకీలందరికీ చెప్పి, ఇంకో వాయి బజ్జీ వేశాడు.

పాలమూరు దారి

మిర్యాలగూడ, దేవరకొండ దాటి కల్వకుర్తి దిక్కు పోతుంటే నేల రంగు మారుతుంది, మాట కూడా మారుతుంది. రోడ్డు పక్క ఒక ముసలమ్మ దగ్గర జీపు ఆపి, "పల్లీలున్నయా అమ్మా?" అన్నాను. "పల్లీల్లేవు" అంది. ఆమె ముందు గంపెడు పల్లీలున్నాయి. మేడం కిటికీలోంచి "వేరుశెనక్కాయలండీ" అంది. "అవీ లేవు" అంది ముసలమ్మ. నేను వేలు పెట్టి చూపిస్తే, "ఓ, బుడ్డలా! గట్ల జెప్పరాదు!" అని ఉడకబెట్టినవి దోసిలి నిండా పోసింది. ఇరవై రూపాయలు. బుడ్డలు అన్న మాటకు మేడం వాళ్ల ఊళ్లో వేరే అర్థం ఉందట. చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అది కంది కోతల కాలం. రోడ్డు మీద కంది కట్టె పరిచి, మన టైర్లతోనే నూర్పిడి చేయించుకుంటున్నారు. ఇంతదూరం డీజిలు పోసుకుని వచ్చి ఎవరి కందులో నూర్చి పోతున్నందుకు నాకు కూలి ఇవ్వాలని ఒక రైతును అడిగాను. "రోడ్డు కిరాయి ముందు నువ్వియ్యన్నా" అన్నాడు. వాడే గెలిచాడు.

కోస్గి దగ్గర

కోస్గికి కొంచెం అవతల ఒక ఊరు. పేరు రాయను, నీళ్ల సంగతి గనుక. ఊరి బయట రాయి కొట్టి కొట్టి వదిలేసిన గుంత. పని ఆగిపోయి గుంత నిండా నీళ్లు చేరాయి, నీళ్లు నీలంగా, చూడ్డానికి చక్కగా ఉన్నాయి. దానికి ఇవతల పాత దిగుడుబావి ఒకటి. ఈ రెండింటి మీద ఆధారపడ్డ మనిషి ఆశన్న. నలభై దాటిన వయసు, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, వెనక గొర్రెల మంద. తండ్రి నుంచి వచ్చిన మంద, తండ్రికి ఆయన తండ్రి నుంచి వచ్చిందట.

మేము పోయేసరికి సాయంత్రం. ఆశన్న ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, పాలు పెట్టారు. మా దిక్కు జొన్నరొట్టె ఇప్పుడు డాక్టరు చెబితే తింటున్నారు; ఇక్కడ ఆకలైతే తింటున్నారు. ఆశన్న తల్లి బాలమ్మ, పలచటి మనిషి, గట్టి గొంతు. మేడం రొట్టె తుంచే తీరు చూసి, "అది కాయితం గాదు బిడ్డా, గట్టిగ వట్టు" అంది.

తిన్నాక ఆశన్న అసలు మాట చెప్పాడు. ఈ మధ్య రెండు గొర్రెలు చచ్చిపోయాయి. గుంత నీళ్లు తాగినవే, ఉబ్బి, కాళ్లు కొట్టుకుని పోయాయి. పశువుల డాక్టరు సూదులు వేశాడు గానీ కారణం తేల్చలేదు.

"గుంత నీళ్లా, బాయి నీళ్లా, ఏది మంచిదో జెప్పమ్మా" అన్నాడు. "ఇంటికి నల్లా ఉన్నది, మాకు సాలు. మంద నల్లా కాడ లైను గడ్తదా?"

"చూస్తానండీ. క్వారీ డిటోనేటర్లలో సీసం వాడతారు. నీళ్లలో సీసం ఉందేమో చూడాలి."

ఆశన్న తలగోక్కున్నాడు. "సీసల నీళ్లుంటయ్ గని, నీళ్లల్ల సీస యాడిదమ్మా?"

సీస అంటే మా దిక్కున సీసా. మేడం అటు చూస్తోంది, ఆశన్న ఇటు చూస్తున్నాడు. "ఆశన్నా, ఆమె జెప్పేది తాగే సీస గాదు, పాత బ్యాటరీలల్ల ఉండే లోహం" అని నేను దుబాసీ పని చేశాను.

మర్నాడు పొద్దున్నే, మంద తొక్కి కలపకముందే, బావి నీళ్లు పట్టి ఉంచాలని మేడం శుభ్రమైన సీసా ఒకటి బాలమ్మకు ఇచ్చింది. రాత్రి కోస్గిలో బస చేసి, ఎండెక్కకముందే మళ్లీ వచ్చాం. బాలమ్మ సీసాను రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను ఇచ్చినట్టు మేడం చేతికి ఇచ్చింది.

చీకటి ఎక్కడ? ఆశన్న ఇంటికి కిటికీలకంటే కంతలే ఎక్కువ. "గొంగట్ల జొర్రన్రి" అన్నాడు ఆశన్న. గొంగడి తీసి మా ముగ్గురి మీద కప్పాడు. గొంగడి కింద ఎంత చీకటి ఉంటుందో, ఎంత వాసన ఉంటుందో లోపలికి పోయినవాడికే తెలుస్తుంది. ఉన్ని, మట్టి, వానలో తడిసిన గొర్రె, బీడీ, అన్నీ ఒకేసారి పలకరిస్తాయి. మేడం ఒక్క దగ్గు దగ్గి టార్చి వెలిగించింది.

ముందు గుంత నీళ్లు. రెండో రకం పట్టీ నీలంగా వెలుగుతోంది. నీళ్లలో ముంచి తీసింది. చూస్తుండగానే వెలుగు సన్నబడి, నల్లబడిపోయింది.

"ఏమైందిరా?" అని బయటి నుంచి బాలమ్మ.

"ఆరిపోయిందమ్మా" అన్నాడు ఆశన్న.

"గట్ల అనకు! కొండెక్కిందను!"

"ఆశన్న గారూ" అంది మేడం చిన్నగా, "ఆ గుంతలో పేలుడు మందు జాతిది ఏదో ఉంది. ఎంత ఉందో ల్యాబులోనే తెలుస్తుంది. గొర్రెలు దాని వల్లే పోయాయని నేను చెప్పలేను. కానీ అటు పోనివ్వకండి."

తరువాత బాలమ్మ ఇచ్చిన బావి నీళ్లు. మొదటి రకం పట్టీ ముంచింది. చీకట్లో పట్టీ పచ్చపచ్చగా వెలిగింది.

"ఎలిగింది!" అన్నాడు ఆశన్న, తెల్లని పళ్లతో. "బాయి మంచిదే గదా?"

మేడం పట్టీని టార్చికి ఇంకా దగ్గరగా పట్టింది. ఊదా వెలుగులో ఆమె ముఖం నాకు కనబడింది. "ఇది వెలగకూడదండీ" అంది.

గొంగడి తీశాం. ఎండకు కళ్లు చిట్లించుకుంటూ ముగ్గురమూ కూర్చున్నాం. ఆశన్న ఆ రెండు పట్టీలనూ చూశాడు. ఎండలో రెండూ మామూలు కాగితాలే.

"ఒకటి కొండెక్కె, అది చెడ్డదంటివి. ఒకటి ఎలిగె, గదీ చెడ్డదంటివి. ఇంగ నాకేం మిగిలె బిడ్డా?"

"ల్యాబులో మళ్లీ చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ బావి నీళ్లు తాగించకండి."

"నువ్వు మల్లెప్పుడో జూస్తవ్. గొర్రె దినాం తాగుతది గద." కొంచెంసేపు కర్రతో నేల గీకి, "ఎల్లుండి గొర్ల అంగడి. తోలుకవొయి అమ్ముత. మంద ఒక్కొక్కటే సచ్చేదాన్కంటె అమ్ముడే నయం" అన్నాడు. నా వైపు తిరిగి, "యాదన్నా, పట్నంల వాచ్‌మన్ కుర్చి ఏడన్న ఖాళీ ఉందా సూడు. గొర్లను గాసినోన్ని, గేటును గాయలేనా?" అని నవ్వాడు.

అలాంటి జోకులు నేను వేయాలి. ఆయన వేస్తే నవ్వడం కష్టమైంది.

ఆలంపూర్

ఆలంపూర్ దాకా మేడం మాట్లాడలేదు. అక్కడి తుంగభద్ర నీళ్లు కూడా ఆమె పనిలో భాగమే. మేము చేరేసరికి పొద్దుపోయింది. మర్నాడు పొద్దున ఉగ్గాణి తినిపించి అయినా మాట్లాడిద్దామనుకున్నాను. నానబెట్టిన మరమరాలకు పోపు వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన బజ్జీ పెట్టి ఇస్తారు. ముప్పై రూపాయలు. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. బజ్జీకి మేళ్లచెరువు కోపం లేదు, బుజ్జగించే రకం. ఒక ప్లేటు నాది, ఒక ప్లేటు మేడం వదిలేస్తే అదీ నాదే అయింది.

జోగులాంబ గుడికి, నవబ్రహ్మల గుళ్లకు పోయి దండం పెట్టుకున్నాం. ఎర్రటి రాతి గోపురాలు ఎండకు పండినట్టు ఉన్నాయి. మా దిక్కు గుడికి పోతే దేవుడి కంటే ముందు మైకు పలకరిస్తుంది. ఇక్కడ చిలకలు పలకరించాయి. తుంగభద్ర ఒడ్డున మేడం సీసా ముంచుతుంటే పూలమ్మే ఆమె ఆపి అడిగింది.

"ఏందమ్మా, తుంగమ్మకు గూడ పరీక్షనా?"

"అవునమ్మా" అన్నాను, "పాసైతే సర్టిఫికెట్టిస్తం."

"ఆ తల్లి నీకియ్యాలె సర్టిఫికెట్టు. ముందు మునుగు, నాలుగు దినాల అంగీ లెక్కుంది" అంది. మునిగాను. చలికి నోటి మాట కూడా ముడుచుకుంది.

జీపులో వెనక సీటు మీద దుప్పటి కప్పుకుని మేడం పట్టీలు చూసింది. నది నీళ్లలో లోహం పట్టీ వెలగలేదు. "పాసైంది" అని పూలామెకు కేకేశాను. ఆమె ఒక మూర చేమంతులు మేడానికని ఊరికే ఇచ్చింది. లోపలి నుంచి మేడం పూలు తీసుకోలేదు. "యాదగిరి గారూ, ఒకసారి లోపలికి రండి" అంది.

దుప్పటి కింద, ఆశన్న బావి నీళ్లు మిగిలిన సీసా. ఆమె దాని మీద టార్చి కొట్టింది. నీళ్లు పచ్చగా మెరిశాయి.

"సీసమేనా?" అన్నాను.

"సీసం కనబడాలంటే నా పట్టీ ఉండాలి. ఇప్పుడు పట్టీ ముంచలేదు. నీళ్లే వెలుగుతున్నాయి. ఇందులో వేరే ఏదో ఉంది, మీ అంగీలో సబ్బుపొడిలా." దుప్పటి తీసేసింది. "ఉత్త నీళ్లను ముందు చూడాలి. అది మొదటి పాఠం. ఆయన ముఖం చూస్తూ అది మరిచిపోయి నోరు జారాను. ఆయన మంద అమ్మేస్తాడండీ."

ఫోను చేశాం. స్విచాఫ్. గొర్రెల వెంట పోయే మనిషి ఫోనుకు అడవిలో చార్జింగ్ ఎవరు పెడతారు? తిరిగి తిరిగి చేశాం, ఫోనులో ఆ రికార్డు అమ్మాయి గొంతు మాత్రం ప్రతిసారీ మర్యాదగా చెప్పింది.

"ఎక్కన్రి మేడం" అన్నాను.

మళ్లీ కోస్గి

సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరి ఆగాం. తెల్లారగానే కోస్గి దారి పట్టాం. తొందరున్న రోజే అన్నీ తగులుతాయి. దారిలో పరిచిన కంది కట్టె ఇరుసుకు చుట్టుకుని జీపు గుక్కపట్టింది. నేను జీపు కింద పడుకుని కట్టె పీకుతుంటే, మేడం చున్నీ నడుముకు కట్టుకుని అవతలి వైపు నుంచి పీకింది. ఒక రైతు వచ్చి నిలబడి, "కందులు రాలినయా?" అని వాటినే అడిగాడు, మమ్మల్ని కాదు.

ఊరు చేరేసరికి ఆశన్న దొడ్డి ఖాళీగా ఉంది. బాలమ్మ ఒక్కతే గడపలో కూర్చుని ఉంది. "పొద్దుగాలనే తోలుకవొయిండు" అంది. గొంతులో గట్టితనం లేదు.

మేడం ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, మొన్న సీసాలో నీళ్లు పట్టారు కదా. నీళ్లు కాక ఇంకేమైనా వేశారా?"

బాలమ్మకు కోపం వచ్చింది. "నేనేమేస్తనమ్మా? మంచిగ చింతపండు వెట్టి కడిగిన. చిటికెడు పసుపేసిన. దండం వెట్టుకోని నింపిన."

"పసుపు వేశారా?"

"ఎయ్యకుంట? గంగమ్మ ఊరు దాటి ఎవల్దో ఇంటికి వోతాంది. ఆడిబిడ్డను ఉత్త మొకంతోని తోలిస్తమా?"

మేడం రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా. "పసుపు ఈ లైటుకు వెలుగుతుందమ్మా!"

"ఎలగదా మరి, పసుపాయె!" అంది బాలమ్మ, ఇందులో కొత్త సంగతి ఏముందన్నట్టు.

కొత్త సీసా తీసి మేడమే బావి దగ్గరికి పోయింది. బాలమ్మ వెనకే నడిచి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది, మళ్లీ ఏమైనా వేశావంటారేమో అని. నీళ్లు పట్టుకుని, బాలమ్మను ముందు సీట్లో ఎక్కించుకుని, అంగడికి పోనిచ్చాను.

అంగడి

గొర్రెల అంగడిలో మనిషి మాట మనిషికి వినబడదు. బేరాలు మాత్రం చప్పుడు లేకుండా సాగుతాయి. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, వాటి మీద తువ్వాల కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి ముఖాలు తప్ప ఏమీ కనబడవు. మా నల్లగొండ దిక్కూ ఈ పద్ధతి ఉంది గానీ, మావాళ్లకు నోరు ఆగదు.

ఆశన్నను బాలమ్మే ముందు చూసింది. ఆయన ఎదురుగా బేరగాడు నర్సింలు, లావుపాటి మనిషి. ఇద్దరి చేతులూ ఎర్ర తువ్వాల కింద ఉన్నాయి. ఆశన్న కళ్లు మందను చూస్తున్నాయి, నర్సింలు కళ్లు ఆశన్నను చూస్తున్నాయి.

"ఒరేయ్ ఆశన్నా! చెయ్యి తియ్యిరా!" అని బాలమ్మ అరిచిన అరుపుకు పక్క బేరాలు కూడా నాలుగు ఆగాయి.

ఆశన్న తల తిప్పాడు. చేయి మాత్రం తువ్వాల కిందే ఉంది. "ఏమైందమ్మా?"

మేడం పసుపు సంగతి చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది, బాలమ్మది కాదని రెండుసార్లు చెప్పింది. నర్సింలు తల ఊపుతూ విన్నాడు.

"కతలు జెప్తరు" అన్నాడు. "మొన్న విషమన్నరు, ఇయ్యాల పసుపంటరు. రేపు కుంకుమంటరు. నేనేమన్న ఎర్రోన్నా?"

"నువ్వు గూడ జూడు" అన్నాను. "గొంగట్ల జాగుంది."

అలా అంగడి నడుమ, గొర్రెల మధ్య, గొంగడి కింద నలుగురం దూరాం. నర్సింలు సగం బయటే ఉన్నాడు, ఉన్నంతలోనే చీకటికి అడ్డంపడ్డాడు. ఆశన్న ఎడమ చేత్తో గొంగడి అంచు పట్టుకున్నాడు. కుడిచేయి ఇంకా తువ్వాలలో, నర్సింలు చేతిలోనే ఉంది. బేరం మధ్యలో చేయి వదిలితే మర్యాద కాదు.

మేడం ఈసారి ఉత్త నీళ్ల మీద ముందు టార్చి కొట్టింది. చీకటి. పట్టీ ముంచింది. అందరం ఊపిరి బిగబట్టాం, వాసన వల్ల సగం, భయం వల్ల సగం. పట్టీ వెలగలేదు. ఇంకాసేపు చూసింది. వెలగలేదు.

"ఏం కనవడ్తలే" అన్నాడు నర్సింలు.

"కనబడకపోతేనే మంచిదండీ" అంది మేడం. తరువాత రెండో పట్టీ ముంచింది. ముంచక ముందు ఎంత నీలంగా ఉందో, ముంచి తీసినా అంతే నీలంగా వెలుగుతూ ఉంది. ఆ వెలుగులో ఆశన్న గడ్డం, నర్సింలు ముక్కు, తువ్వాల అన్నీ కనబడ్డాయి.

"నేను చూడగలిగిన ఆ రెండూ ఈ బావిలో కనబడలేదు" అంది మేడం. "ఈ సీసా ల్యాబుకు కూడా తీసుకుపోతాను, ఇంకోసారి గట్టిగా చూస్తాను. కానీ ఇప్పుడు నన్నడిగితే, తాగించొచ్చు. గుంత మాత్రం వద్దు. దాని సంగతి మండలం ఆఫీసులో నేనే చెబుతాను."

ఆశన్న గొంగడి కిందనే, తువ్వాల కింది నుంచి తన కుడిచేయి మెల్లగా తీసుకున్నాడు.

నర్సింలు బయటికి వచ్చి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "గంత దూరమొచ్చినంక చెయ్యి గుంజుకుంటవారా?"

"తప్పనుకోకే అన్నా" అన్నాడు ఆశన్న. "నీళ్లుంటే గొర్లెవడమ్ముతడే?"

నర్సింలు బీడీ తీసి, ఒకటి ఆశన్నకూ ఇచ్చాడు. "గొర్ల రోగం వట్టే గసొంటి లైటు నా కాడుంటే నేను బతుకుత" అని గొణుక్కుంటూ పోయాడు.

గుంత దారికి అడ్డంగా ముళ్లకంప వేయాలని, అది తానే చూసుకుంటానని బాలమ్మ అంది. "గొర్రెకు సదువు రాదు, మనమే అడ్డమెయ్యాలె" అని నన్నొకసారి ఎగాదిగా చూసింది. ఎందుకు చూసిందో నేను అడగలేదు.

ఆశన్న నోట్లో ఏదో చప్పుడు చేశాడు. మంద అంతా ఒకేసారి లేచి ఊరి దారికి మళ్లింది. ఆయన ముందు నడిచాడు, గొర్రెలు రోడ్డు నిండా పరుచుకున్నాయి. మా జీపు వాటి వెనక చిక్కుకుంది. బాలమ్మ ముందు సీట్లో ఉంది. మేడం వెనక సీట్లో పెట్టె మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మొదటి గేరులో గొర్రె నడకతో నడిపించాను.

మా వెనక ఒక బస్సు వచ్చి ఆగి, హారన్ మీద హారన్ కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమన్నా, నిద్రవోయినవా?" అని అరిచాడు.

నేను చెయ్యి బయట పెట్టి, ఆగమన్నాను.

"జర ఆగు తమ్మీ. గొర్లు నీళ్లకు వోతున్నయ్."